దయ్యాన్ని పోగొట్టుకోకుండా కాపాడుకోవడం ఎలా?

దయ్యాన్ని చూడటం పెద్ద పనేం కాదు. రాత్రి పది దాటాక ఊరి బయట ఒంటరిగా నడిస్తే ఎవరికైనా ఏదో ఒకటి కనబడుతుంది. కష్టమంతా తెల్లారాకే. ఎవడో ఒకడు వచ్చి "యాడ చూసినవ్? ఎంత దూరంల? ఎంతసేపున్నది?" అని అడుగుతాడు. ఆ మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పారా, మీ దయ్యం పొద్దుగూకే దాకా బతకదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కున ఇట్లా చేజేతులా దయ్యాలను పోగొట్టుకున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. నేనూ ఒకటి పోగొట్టుకున్నాను. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

మొట్టమొదటి జాగ్రత్త: చప్పుడు వినగానే పరుగెత్తండి. నిలబడి తలెత్తి చూస్తే పని చెడుతుంది. జనగామ దిక్కు తాటిచెట్లకు కొదవ లేదు. గీయకుండా వదిలేసిన చెట్టుకు ఎండిన కమ్మలు కిందికి వేలాడుతూ గాలికి మొద్దును రాసుకుంటుంటే, గంజిపెట్టిన చీర కట్టుకుని ఎవరో వెనకాలే నడుస్తున్నట్టుంటుంది. కమ్మల సందున చావుపిట్ట అనే గుడ్లగూబ ఒకటి కాపురముంటే ఇక మీ అదృష్టమే. తెల్లటి మొహం, రెక్క చప్పుడు కాకుండా ఎగరడం, పసిపిల్ల గొంతు చీరుకున్నట్టు అరుపు. దయ్యానికి కావలసిన సరంజామా అంతా ఆ పిట్ట దగ్గరుంది. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఇంట్లో దొరికిన దాని పిల్లల వీడియో చూసి, అవి వేరే గ్రహం నుంచి వచ్చిన జీవాలని దేశదేశాలవాళ్లు వాదించుకున్నారు. మన తాతలు దయ్యమన్నారు, వీళ్లు ఏలియన్ అన్నారు. పిట్ట మాత్రం అదే.

భూపాలపల్లి అడవి దిక్కువాళ్లకు ఇంకా మంచి సదుపాయముంది. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లారగట్ల పోతే, జుట్టు విరబోసుకున్న మనిషి రెండు కాళ్ల మీద నిలబడి చెట్టు దిక్కు చూస్తూ కనబడవచ్చు. ఎలుగుబంటికి ఇప్పపూలంటే ప్రాణం. ఇక్కడ మాత్రం పరుగెత్తమన్న నా సలహా మరిచిపోండి. దయ్యమైతే పోనీ అనుకోవచ్చు, ఎలుగు వెంటపడితే మీరు గెలవరు. సద్దు చెయ్యకుండా మెల్లగా వెనక్కి రండి.

ఇంట్లో గిన్నెలు వాటంతటవే కదిలితే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు వేళలు అడగకండి. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా గిన్నెలు, మంచాలు, గోడలు కలిసే కదిలాయి. అది ములుగు దగ్గర పుట్టిన 5.3 తీవ్రత భూకంపమని అరగంటలో టీవీలు చెప్పేశాయి. ఎంత మంచి దయ్యం నష్టపోయామో!

గుప్తనిధి ఉన్నవాళ్లు దాన్ని తూకం వెయ్యనీయొద్దు. 2021 ఏప్రిల్‌లో జనగామ పక్కన పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బిందె బయటపడింది. కొబ్బరికాయలు కొట్టారు, లక్ష్మీదేవి వచ్చిందన్నారు. తర్వాత అధికారులు వచ్చి 187 గ్రాముల బంగారం, కిలోన్నరకు పైన వెండి అని కాగితం మీద రాసుకుని పోయారు. గ్రాముల్లో చెప్పాక లంకెబిందె అన్న మాటకు ఏం విలువ మిగిలింది?

కల్లు సంగతి జాగ్రత్త. తాగి చూసిన దయ్యాన్ని ఎవరూ నమ్మరు, ఇది అందరికీ తెలుసు. తాగకుండా చూసిన దయ్యానికి మాత్రం ఊళ్లో మంచి గౌరవముంటుంది. అయితే అందులోనూ ఒక చిక్కు. 2015లో కల్తీకల్లు మీద సర్కారు గట్టిగా పడ్డప్పుడు నిజామాబాద్ లాంటి జిల్లాల్లో ఎందరో వణుకుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ, లేనివి చూస్తూ ఆస్పత్రులకు చేరారు. వాళ్లకు గాలి సోకలేదు. కల్లులో కలిపిన డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులకు అలవాటుపడ్డ ఒళ్లు అవి ఒక్కసారిగా అందక అట్లా ఎదురుతిరిగింది.

సైన్సు చెప్పేవాడు వస్తే భయపడొద్దు. సగం సైన్సు చెప్పేవాడైతే మంచంవేసి కూర్చోబెట్టండి, మీ దయ్యానికి ఆయనే పెద్ద దిక్కు. "చింతచెట్టు రాత్రిపూట కార్బన్ డయాక్సైడు వదులుతది, ఊపిరాడక దయ్యం పట్టినట్టయితది" అంటాడు. చెట్టు వదిలేదానికంటే పక్కమంచంలో గురకపెట్టే మీ మేనమామ వదిలేదే ఎక్కువ. ఊపిరాడకపోవడం, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండటం నిద్రలో మెదడు ముందు లేచి ఒళ్లు ఇంకా లేవకపోతే వచ్చే తిప్పలు. చెట్టు లేకున్నా, నాలుగో అంతస్తులో ఏసీ గదిలోనూ వస్తాయి.

పెద్ద తెలివైనవాడి సాక్ష్యం ఉన్నా ధీమా పడకండి. ఇంగ్లండులో కాటింగ్లీ అనే ఊళ్లో 1917లో ఇద్దరు ఆడపిల్లలు రెక్కలున్న దేవకన్యల ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి పత్రికలో వ్యాసం రాశాడు. 1983లో, ముసలివాళ్లయ్యాక, ఆ ఇద్దరూ అట్టబొమ్మలు కత్తిరించి టోపీ పిన్నులతో నిలబెట్టామని ఒప్పుకున్నారు. అరవైఆరేళ్లు కాపాడారు! మన దగ్గర తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన సుద్ద ఒక్క వానకే కొట్టుకుపోయేది.

ఒకటి మాత్రం ఎగతాళిగా చెప్పలేను. దయ్యాన్ని చెట్టుకు కట్టండి, బావిలో ఉంచండి, మనిషికి అంటగట్టకండి. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల పేజీల్లో ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఇక కొరివి దయ్యం. కురవి వీరభద్రుడికి మొక్కితే పోతుందని మా నాయినమ్మ నమ్మకం. చిత్తడి నేలల్లో పుట్టే గ్యాసు వెలుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. తాగునీళ్లకే కటకటలాడిన మా దిక్కు చిత్తడి ఎక్కడిది? అయినా మా చెరువు గట్టు మీద నడిజాములో ఎర్రటి మంట కదిలేది, ఆగేది, ఆరేది, మళ్లీ వెలిగేది. నా చిన్నతనమంతా దాన్ని చూసి దుప్పటి ముసుగేసుకున్నాను.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆ ఏడే మా దయ్యం మాయమైంది. అంతకుముందు కరెంటు రాత్రి ఎప్పుడొస్తే అప్పుడు లేచి బావి కాడికి పోయి మోటరు పెట్టాలి. ఆ దారిలో పాములు కరిచి, స్టార్టర్ డబ్బాల దగ్గర షాకు కొట్టి పోయిన రైతులు ఎందరో. వాటికి ఎవరూ దయ్యమని పేరు పెట్టలేదు.

మొన్న పండుగకు పోయినప్పుడు మా చిన్నాయనను అడిగాను, చీకట్లో భయం కాలేదా అని. "గెందుకు కాదురా? చెరువు అవతలి గట్టు మీద కొరివి దయ్యం కనబడేది. నిప్పు చూస్తే దగ్గరికి రాదని నేను బీడీ ముట్టిచ్చుకునేటోణ్ణి" అన్నాడు.

అవతలి గట్టు మీద పొలమున్న ఆయన కూడా బీడీలు తాగేవాడేనట.