ట్యాంకరు సూత్రము – టీకా తాత్పర్య సహితము

మూలము: 1208. త్వరగా మండును. నిప్పు దూరముగా నుంచుడు.

టీక: 1208 = ప్రమాదకరమైన సరకుల పట్టికలో ఐక్యరాజ్యసమితి నిపుణులు హెక్సేనుకు ఇచ్చిన సంఖ్య (నరసరావుపేట చదువరులు దీనిని పల్నాటి శాసనములోని శకవర్షముగా భ్రమపడరాదు); త్వరగా = సున్నకు 20 డిగ్రీలు దిగువన, అనగా పేటవారు కలలోనైన ఎరుగని చలిలో సైతము, రవ్వ తగిలిన అంటుకొనునంత ఆవిరిని విడుచుచు; మండును = గాలిలో ఆ ఆవిరి సుమారు 1 నుండి 7 శాతము వరకు కలిసినపుడు భగ్గుమనును; నిప్పు = బీడీ మాత్రమే కాదు, స్విచ్చి వేయునపుడు పుట్టు రవ్వయు, గొట్టములో ద్రవము పారునపుడు పోగగు స్థిరవిద్యుత్తును; దూరముగా = గాలికంటె మూడు రెట్లు బరువైన ఆవిరి నేలబారున పాకి, కాలువలలో దిగి, నిప్పును తానే వెదకికొని పోగలదు గనుక, కంటికానిన దూరము చాలదని భావము. మూలకర్త పెయింటరగుటచే ఛందోభంగము క్షంతవ్యము.

తాత్పర్యము: ముడిచమురునుండి వచ్చు ఈ ద్రవపు అణువులో ఆరు కార్బనులు, పద్నాలుగు హైడ్రోజనులు ఉండును. పల్నాటి ప్రధాన పంటలలో ఒకటైన పత్తి గింజను మరలో పిండిన పిమ్మట చెక్కలో ఆరేడు శాతము నూనె మిగులును. ఆ చెక్కను హెక్సేనుతో కడిగినచో నూనె అందులో కరగి వచ్చును. ఆ మిశ్రమమును వేడిచేయగా 69 డిగ్రీల వద్దనే మరుగు హెక్సేను ఆవిరియై పోవును, నూనె నిలుచును. ఆవిరిని చల్లార్చి మరల వాడుదురు. ఇట్లు సులువుగా ఎగిరిపోవుటయే దీని గుణము, అదియే దోషమును.

పూర్వపక్షము: నూనెలో కొంత మిగులదా? సమాధానము: అట్టి నూనెను శుద్ధిచేయక వంటకు అమ్మరాదు, శుద్ధిచేసిన దానిలో కిలోకు 5 మిల్లీగ్రాములు మించరాదని ఆహార నిబంధన. అసలు భయము తినువానికి కాదు, పీల్చువానికి. గాలి ఆడని చోట నెలల తరబడి పీల్చినచో, ఒంటిలో అది వేరొక పదార్థముగా మారి కాళ్లు చేతుల నరములను చెరచును. 1960లలో జపానులో హెక్సేను కలిసిన జిగురుతో చెప్పులు అతికించు పనివారికి ఇట్లే జరిగినది.

విశేషము: కడిగిన చెక్కలో నూనె ఒక శాతమునకు లోపే మిగులును. మిల్లువారికి ఇది సిద్ధాంతము. కొవ్వు కలిగిన చెక్కనే మెచ్చు పాడిరైతునకు కాదు. ఈ వివాదమున టీకాకారుడు గేదె పక్షము.