మూల జాలి: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఊరినుండి వచ్చి యూపిరి బిగబట్టి
మూల జాలి చెంత ముక్కు పెట్టి
చెంబు నీళ్లు పోయ సెలవిచ్చె నిల్లాలు
కంపు పోయె నింక కథయె లేదు

ప్రతిపదార్థం: ఇల్లాలు = ఈ టీకాకారుని ధర్మపత్ని; ఊరినుండి వచ్చి = మే నెల ఎండల్లో 20 రోజులు ఇల్లు తాళం పెట్టి పోయి, తిరిగి వచ్చి; ఊపిరి బిగబట్టి = శ్వాస ఆపి; మూల జాలి చెంత = బాత్రూమ్ మూలనున్న స్టీలు జాలీ దగ్గర; ముక్కు పెట్టి = వంగి వాసన చూసి; చెంబు నీళ్లు పోయ = చెంబెడు నీళ్లు పోయుటకు; సెలవిచ్చె = ఆజ్ఞాపించెను. ఎవరిని? ‘భర్తను’ అని అధ్యాహారం. కంపు పోయె = దుర్గంధము తొలగెను; ఇంక కథయె లేదు = దీని సంగతి తర్వాత.

టీక: ‘ఊపిరి బిగబట్టి ముక్కు పెట్టి’ అన్నది పైకి విరోధం. ఊపిరి బిగబట్టినవారికి వాసన ఎలా తెలుస్తుంది? పరిహారం ఉంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ముక్కు తొందరగా అలవాటుపడుతుంది. గుమ్మం దగ్గరే పీల్చడం మొదలుపెడితే కన్నం దాకా వెళ్లేసరికి ఏమీ తెలియదు. అందుకని ఊపిరి దాచుకుని వెళ్లి, జాలీ మీద వంగాక ఒక్కసారి పీల్చాలి. ఇల్లాలు చేసింది అదే. ఈ టీకాకారుడు గుమ్మంలోనే నిలబడి, గట్టిగా పీల్చి, ‘నాకేం రావట్లేదే’ అన్నాడు.

‘మూల’ శబ్దంలో శ్లేష. గది మూల అనీ, కంపుకు మూలం అనీ. జాలీ కింద గిన్నెలా ఉండే వంపును మేస్త్రీలు నహానీ ట్రాప్ అంటారు. మన స్నానమే ఉత్తరాదిలో నహానా అయి, మళ్లీ మేస్త్రీ నోట మన ఇంటికొచ్చింది. అందులో 50 మిల్లీమీటర్ల లోతున, అంటే రెండంగుళాలు, నీళ్లు నిలిచి ఉండాలి. కింది గొట్టంలోని గాలి పైకి రాకుండా కాసే కాపలా అంతా ఆ నీళ్లే. వాడకం లేని ఇంట్లో వేసవికి అవి ఆవిరైపోతాయి. ఇలా నీటిని వంపులో నిలిపి గాలిని ఆపే ఏర్పాటుకు 1775లో లండన్‌లో పేటెంటు పుచ్చుకున్న అలెగ్జాండర్ కమింగ్ వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు.

‘చెంబు’ అన్నచోట ‘మగ్గు’ అని పాఠాంతరం. మా బాత్రూమ్‌లో ఉన్నది మగ్గే అయినా, యతి చెడుతుంది కనుక త్యాజ్యం.

ఇక్కడ పక్కింటివారి పూర్వపక్షం: ఫినాయిల్ పోస్తే చాలదా? చాలదు. ఉత్త ఫినాయిల్ పోస్తే కంపూ ఫినాయిలూ కలిసి ద్వంద్వ సమాసం అవుతుంది. బకెట్ నీళ్లలో కలిపి పోస్తే మాత్రం వాసన పోతుంది, ఆ ఘనత బకెట్‌ది. మళ్లీ ఊరెళ్లేటప్పుడు నీళ్లు పోశాక రెండు చెంచాల వంటనూనె కూడా వేస్తే, పైన తెట్టులా తేలి నీటిని త్వరగా ఆరనివ్వదు.

నాలుగో పాదం మీద టీకాకారునికి తీవ్రమైన అభ్యంతరం ఉంది. కవి ఈ పద్యాన్ని రెండోరోజున రాసి ఉండాలి. మూడోరోజు తెల్లవారుజామున కంపు తిరిగొచ్చింది. జాలీ ఎత్తి చూస్తే, గిన్నె అంచున సబ్బు జిగురూ తలవెంట్రుకలూ పెనవేసుకుని, నల్లగా, తడిసిన సవరంలాంటి ముద్ద ఒకటి వేలాడుతోంది. విరిగిన హ్యాంగరు తీగతో లాగితే జానెడు పొడవు వచ్చింది. అది నా జుట్టు కాదు. ఎవరిదో రాస్తే గ్రంథం పెరుగుతుంది.

అయినా వాసన ఆగలేదు. అప్పుడు ఇల్లాలు రెండో ఉపాయం చెప్పింది. రాత్రి పడుకునే ముందు ప్రతి కన్నానికీ పాలిథీన్ కవరు కప్పి టేపు అంటించాం. పొద్దున్నే ఒక్కో కవరు మూల కాస్త ఎత్తి ముక్కు పెట్టాం. జాలీ నిర్దోషి, వాష్ బేసిన్ కన్నమూ నిర్దోషి. దొంగ బేసిన్ కింద దొరికాడు. అక్కడి ముడతల పైపును నేల కన్నంలోకి ఊరికే దూర్చి, చుట్టూ ఉన్న సందులో పాత గుడ్డ కుక్కి వెళ్లాడు ఇల్లు కట్టిన మేస్త్రీ. గుడ్డ తీసి రబ్బరు రింగు బిగించి, పైన వైట్ సిమెంటు పూశాం. ఖర్చు నూరు రూపాయల లోపే.

విశేషం: నీళ్లు నిండుగా పోసినా, పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడల్లా జాలీలో గుడగుడమని దిగిపోతుంటే అది గాలి గొట్టం లోపం, ప్లంబర్‌ను పిలవాల్సిందే. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే కన్నంలో పోయరాదు. క్లోరిన్ పుడుతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టడం అలంకారం కాదు.

తాత్పర్యం: ఏమండీ, ఓ చెంబెడు నీళ్లు పోయండి.

ఇది శ్రీమద్గృహిణీ నాసికా ప్రసాద లబ్ధ జ్ఞానుండును, హ్యాంగరు తీగ ధరించినవాడును, మూడు రోజులు వంటింటి సింకు దగ్గర స్నానపు మగ్గు కడిగినవాడును అగు టీకాకారునిచే రచింపబడిన జాలీ వ్యాఖ్యానంబున ప్రథమ కన్నము.