గాలికీ కిరాయే

మా బావమరిది ఏ వ్యాపారం మొదలుపెట్టినా లాభం మాట దేవుడెరుగు, ముందు ఇంటిల్లిపాదికీ ఓ కొత్త చదువు అబ్బుతుంది. కోళ్లఫారం పెట్టిన ఏడాది మా అత్తగారు కోళ్ల టీకాల గురించి పశువుల డాక్టరుకే సలహాలిచ్చేవారు. ఈసారి వంతు అంతర్జాతీయ వాణిజ్యానిది.

ఆలోచనకు వంక పెట్టడానికి లేదు. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి వెళ్లే కార్లు బోలెడు మా నర్సీపట్నం మీదుగా పోతాయి. చింతపల్లి కాఫీ గింజలు కిందికి దిగేదీ ఈ దారినే. "గింజలు మనకాడే ఉన్నాయి, కొనేవోళ్లు కార్లలో వస్తన్నారు. మజ్జిలో చేత్తో తిప్పే చిన్న గ్రైండరొకటి పెట్టామనుకో, ఇంకేటి కావాలి బావా?" అన్నాడు. చిల్లర సరుకుకు పేరుమోసిన చైనాలోని యివూ బజారులో అవి చవగ్గా దొరుకుతాయని ఫోన్లో చూశాడట.

దిగుమతి చేసుకోవాలంటే ముందు ఐఈసీ అనే నంబరు కావాలి. ఐదొందలు కట్టి, ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాడు. నంబరొచ్చింది. చూస్తే అది అతని పాన్ నంబరే! 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ రెండూ ఒకటేనట. జేబులో ఉన్న నంబరును ఐదొందలిచ్చి మళ్లీ కొనుక్కున్నందుకు మా మామగారు చాలాసేపు నవ్వారు. పైగా వివరాలేవీ మారకపోయినా ఏటా ఏప్రిల్, జూన్ మధ్య పోర్టల్లోకి వెళ్లి "నేను నేనే" అని ఒప్పుకోవాలి. లేదంటే నంబరు నిద్రపోతుంది.

యివూలో దొరికిన అమ్మకందారు మర్యాదస్తురాలు. ప్రతి మెసేజీ "హలో డియర్"తోనే మొదలు. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి తెల్లారీ తెల్లారకముందే "డియర్, మీ కోసమే చూస్తున్నాను" అని ఫోను మోగేది. అది చార్జింగుకు పెట్టేది వంటింట్లో. ఓ పొద్దున అది మా బావమరిది భార్య కంటబడింది. ఆ రోజు ఆ ఇంట్లో కాఫీ లేదు, గ్రైండరు ఊసు అసలే లేదు. ప్రొఫార్మా ఇన్వాయిస్ తీసి చూపిస్తే గానీ శాంతి కుదరలేదు. దంపతుల మధ్య కూడా కాగితమే సాక్ష్యమని అతనికి అప్పుడే తెలిసొచ్చింది.

ఆ డియరమ్మే ఓ ఉపాయం చెప్పింది. పెట్టె మీద "గిఫ్ట్" అని రాస్తే సుంకం బాధ ఉండదంది. మావాడు ఎగిరి గంతేశాడు. నేను నిబంధన తీసి చదివి వినిపించాను. 2019 డిసెంబరు నుంచి కొరియర్లోగానీ పోస్టులోగానీ బహుమతి పేరుతో సరుకు తెప్పించుకోవడం నిషేధం. మినహాయింపు రెండింటికే: ప్రాణం కాపాడే మందులు, రాఖీలు.

"అయితే రాఖీతో కలిపి పంపమందాం బావా!"

ఆ కిందనే రాసుంది, రాఖీతో వచ్చే బహుమతులకు వర్తించదని. ఢిల్లీలో ఆ వాక్యం రాసినాయనకు కూడా ఇలాంటి బావమరిది ఒకడు ఉండే ఉంటాడు.

తర్వాత కొరియర్ వాళ్లు హెచ్ఎస్ కోడ్ అడిగారు. కస్టమ్స్ దృష్టిలో లోకంలోని ప్రతి వస్తువుకూ ఓ గోత్రం ఉంటుంది. 1988 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో మొదటి ఆరంకెలు అన్ని దేశాలకూ ఒకటే. మనవాళ్లు మరో రెండు తగిలించి ఎనిమిది చేశారు. చేత్తో తిప్పే, పది కిలోలు మించని వంట సాధనాలది 8210. చుట్టుపక్కల దాయాదులంతా కత్తులు, కత్తెరలు, చెంచాలు. అదే గ్రైండరుకు ఓ మోటారుతో ముడిపడిందా, గోత్రం మారిపోయి 8509 వారింటికి వెళ్లిపోతుంది. సుంకమెంతో తేలేది గోత్రాన్ని బట్టే.

ఇంతకీ అసలు దెబ్బ తూకం దగ్గర తగిలింది. డియరమ్మ జాగ్రత్త కొద్దీ ఒక్కో గ్రైండరుకూ బుడగల కాగితం చుట్టి, మధ్యమధ్య థర్మోకోల్ కూరి, సరుకు కదలకుండా పెద్ద పెట్టెలో పెట్టింది. కాటా మీద తొమ్మిది కిలోలు. బిల్లు మాత్రం ఇరవై నాలుగు కిలోలకు! విమానంలో చోటుకు కూడా ధర ఉంటుంది కాబట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తారు. పెట్టె 60, 50, 40. లెక్క ఇరవై నాలుగు. అసలు తూకం, ఈ తూకం రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. అంటే యివూ గాలి పదిహేను కిలోలు విమానమెక్కి నర్సీపట్నం వచ్చింది. ఆ కిరాయిలోనూ కొంత సరుకు విలువలో కలుస్తుంది. అన్నీ కలిపిన విలువ మీద సుంకం, సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ, మొత్తమ్మీద ఐజీఎస్టీ. గాలి మీద కూడా పన్ను కట్టి సంక్షేమానికి తోడ్పడిన మా వంశంలో మొదటివాడు అతనే.

1933లో రేవు తెరిచిన విశాఖ పక్కనే ఉన్నా పెట్టె చెన్నైలో దిగింది. అక్కణ్నుంచి లారీలో జాతీయ రహదారి 16 మీద తుని దాకా వచ్చింది. తునిలో దింపితే మాకు గంట దారి. దింపుతారా? సరుకు పంచే గోదాము విశాఖలో ఉందట. మా మలుపు దాటించి అక్కడికి తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చారు. తెచ్చి, "మీది ఓడీఏ సార్, అదనపు చార్జీ పడుద్ది" అన్నారు. ఓడీఏ అంటే వాళ్ల కుర్రాడు రోజూ తిరగని ఊరు. రైల్వే వాళ్లు మెయిన్ లైన్లో ఓ స్టేషనుకు నర్సీపట్నం రోడ్ అని పేరు పెట్టి, దిగినవాణ్ని మళ్లీ బస్సెక్కించే ఊరు మాది. ఇలాంటివి మాకు కొత్తేం కాదు.

గ్రైండర్లు బాగానే ఉన్నాయి. ధర కట్టేటప్పుడే ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. యివూలో కొన్న రేటు ఆ కాగితం మీద అన్నిటికన్నా చిన్న అంకె. అయినా మావాడు దిగులుపడలేదు. టేపు ఒకటి కొని జేబులో వేసుకున్నాడు. రెండో ఆర్డరుకు గ్రైండరు పిడి ఊడదీసి పక్కన సర్దమని, థర్మోకోల్ మానెయ్యమని డియరమ్మకు బొమ్మ గీసి పంపాడు. పెట్టె సగానికి సగం తగ్గింది.

మొన్న మా అత్తగారు అమెరికాలో ఉన్న కూతురికి పిండివంటలు పంపుదామని డబ్బాలు సర్దుతున్నారు. మావాడు టేపుతో వచ్చి డబ్బా మూడు వైపులా కొలిచి, నోట్లోనే ఏదో హెచ్చించుకుని, మూత తీసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"జంతికల్లో గాలెక్కువమ్మా, సున్నుండలు చుట్టు."