తిరుగు టపాలో సామ్రాజ్యం

ఆఫ్రికా అడవుల్లో పెద్దపులి ఉండదు. చూడాలంటే మన నల్లమలకే రావాలి. అయినా నైజీరియాలోని అబా బజారులో సీసాలు అమ్ముకునే రిచర్డ్ ఇహెటు, బాక్సింగ్ రింగులోకి దిగి డిక్ టైగర్ అయిపోయాడు. దొరల ఏలుబడిలో ఏ లోటూ ఉండకూడదు గదా, పులి లోటు అలా తీరింది.

అమెచ్యూర్‌గా ఉన్నప్పుడు అక్కడి బ్రిటిష్ సైనికాధికారులు మెళకువలు చెప్పారు. గుద్దడం నేర్పారు. ఎవర్ని గుద్దాలన్నది సిలబస్‌లో లేదు. 1952లో ప్రొఫెషనల్ అయ్యాడు, 1955లో లివర్‌పూల్ చేరాడు, అక్కడ మొదటి నాలుగు బౌట్లూ ఓడాడు. ఓడినన్నాళ్లూ ఎవడో నల్లవాడు. 1958లో అదే ఊళ్లో పాట్ మెకటీర్‌ని తొమ్మిదో రౌండులో పడగొట్టి 'బ్రిటిష్ ఎంపైర్' మిడిల్‌వెయిట్ టైటిల్ పట్టేసరికి, సామ్రాజ్యానికి ముద్దుబిడ్డ!

1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జీన్ ఫుల్మర్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మరుసటేడు ఆగస్టులో ఇబాదాన్ లిబర్టీ స్టేడియంలో సొంత జనం కేకల మధ్య అదే ఫుల్మర్ ఏడు రౌండ్లు తిని, ఎనిమిదోదానికి స్టూలు మీంచి లేవలేదు. ఆ ఏడే లండన్ నుంచి ఎం.బి.ఇ. పతకం. 1960లోనే స్వతంత్రం తెచ్చుకున్న దేశపు మనిషి ఛాతీమీద, 1963లో, 'బ్రిటిష్ సామ్రాజ్యం' పేరిట బిళ్ల! ఇల్లు ఖాళీ చేసిన అద్దెవాడు గోడకు తన ఫొటో వదిలి వెళ్లినట్టు.

తర్వాతే వచ్చింది చిక్కు. ఈ పులి ఇగ్బో తెగవాడు. 1967లో తూర్పు నైజీరియా బియాఫ్రాగా విడిపోతే ఆ సైన్యంలో చేరాడు. నిన్నటి జాతిరత్నం లాగోస్ సర్కారుకి ఇవాళ ద్రోహి. లండన్‌కి మాత్రం ధర్మసందేహమే రాలేదు. అక్కడ చమురుంది, షెల్-బీపీ ఉంది. ఫెడరల్ సైన్యానికి ఆయుధాలు వెళ్లాయి. బియాఫ్రా దిగ్బంధంలో పొట్టలు ఉబ్బి, కాళ్లు పుల్లలైన పసివాళ్ల ఫొటోలు లండన్ పత్రికల్లోనే అచ్చయ్యాయి. పార్లమెంటులో చర్చలు కూడా జరిగాయండీ. చర్చ జరిగాక ఇంకా అంతరాత్మ లేదంటే ఎలా?

1968లో బాబ్ ఫాస్టర్ కొట్టిన దెబ్బకి టైగర్ మధ్యలో గెలుచుకున్న లైట్ హెవీవెయిట్ బెల్టు కూడా పోయింది. జీవితంలో నాకౌట్ అయింది ఆ ఒక్కసారే. అప్పటికి 38 ఏళ్లు. 1969 డిసెంబరులో, ఇక ఉంచుకోలేక, ఎం.బి.ఇ.ని తిరుగు టపాలో పంపేశాడు. అంతకు కొద్దిరోజుల ముందే లివర్‌పూల్ బిడ్డ జాన్ లెనన్ కూడా తనది వాపసిచ్చాడు. కారణాల జాబితాలో బియాఫ్రా ఉంది, వియత్నాం ఉంది, తన కొత్త పాట చార్టుల్లో జారిపోతోందన్న బాధా ఉంది. లోకమంతా లెనన్ గురించే మాట్లాడుకుంది. పాట జారితే కలిగే నొప్పి ఎవరికైనా తెలుస్తుంది. బాక్సర్‌కి నొప్పేమిటి, అలవాటేగా!

1970 జనవరిలో బియాఫ్రా లొంగిపోయింది. రెండుసార్లు మిడిల్‌వెయిట్‌లో, ఒకసారి లైట్ హెవీవెయిట్‌లో ప్రపంచాన్ని గెలిచినవాడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో కాపలా ఉద్యోగానికి కుదిరాడు. అక్కడుండగానే లివర్ క్యాన్సరని తేలింది. అప్పుడు కరిగింది నైజీరియా సర్కారు గుండె. బతకడానికి వస్తానంటే వద్దన్నవాళ్లు చావడానికైతే రమ్మన్నారు. 1971 డిసెంబరు 14న, 42 ఏళ్ల వయసులో, అబాలోనే పోయాడు. నోరున్న తక్కిన క్రీడాకారులు కూడా ఈ సదుపాయాన్ని వినియోగించుకోవచ్చు.