మీటింగ్‌ల ఉన్నడు

2020 మార్చి లాక్‌డౌన్‌కు బ్యాగులు సర్దుకుని హైదరాబాద్ నుంచి ఊళ్లకు దిగిన సాఫ్ట్‌వేర్ అన్నలు చాలామంది మళ్లీ వెళ్లిపోయారు. వెళ్లనివాడు పెన్‌పహాడ్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒకడు తగులుతాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. కెమెరా చూపు ఎంతవరకో ఉద్యోగం అంతవరకే.

అన్న గదికి తలుపుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తలుపు పడగానే వాళ్లమ్మ అరుగు మీద కాపలా కూర్చుంటుంది. ‘సప్పుడు చెయ్యకుండ్రి, పిలగాడు మీటింగ్‌ల ఉన్నడు!’ ఆ మాటకు వడ్ల ట్రాక్టరు హారన్ మానుకుంటుంది, టీవీలో అత్త నోరు పడిపోతుంది, మోటరు వేయబోయిన నాయన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. లోపల అన్న మ్యూట్‌లో ఉండి క్రికెట్ స్కోరు చూస్తుంటాడు.

వదినదీ సాఫ్ట్‌వేరే. ఆమె ఆఫీసు వంటింట్లో, బియ్యం డ్రమ్ము మీద. సిగ్నల్ అక్కడే బాగుంటుందని అన్న తేల్చాడు. ‘ఇంట్లనే ఉన్నవ్ గద బిడ్డా, జర పాలు సూడు’ అని అత్త, ‘చార్జర్ యాడబెట్టినవ్?’ అని మొగుడు, హోంవర్కుతో పిల్లాడు. ఆమె మీటింగ్‌లో ఉందని అరుగు మీద ఎవరూ చెప్పరు.

పదింటి మీటింగ్‌లో వదిన వంతు నాలుగోది. ముందు ముగ్గురు మాట్లాడేలోపు మూడు విజిళ్లు అయిపోయేలా కుక్కర్ పెడుతుంది. ఏ రోజైనా మూడోవాడు తొందరగా ముగించాడో, ఆమె చెప్పే లెక్కల నడుమ మిర్యాలగూడ మిల్లు బియ్యం కూత పెడుతుంది. మేనేజర్ అడిగితే ‘బయట రైలు సార్’ అంటుంది. పెన్‌పహాడ్‌కు రైలు లేదని బెంగళూరు మేనేజర్‌కేం తెలుసు!

కేంద్ర ప్రభుత్వం 2019లో జనం పొద్దంతా ఏం చేస్తున్నారో లెక్కగట్టింది. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారట. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్లను మాత్రమే తీసుకుని కట్టిన సగటు. అన్న ఆ లెక్కలోకే రాడు.

మొన్న ఇద్దరి కంపెనీలూ వారానికి మూడు రోజులు రమ్మన్నాయి. అన్న ఎగిరి గంతేశాడు. అక్కడ ఏసీ ఉంది, కాఫీ మిషన్ ఉంది, పెద్దసారు కంట్లో పడితే ప్రమోషనూ ఉంది. ఇన్నాళ్లూ ఊళ్లో ఉన్నది రూము కిరాయి మిగులుతుందనీ, అమ్మ చేతి తలకాయ కూర కోసమూ. వదిన మాత్రం జీతంలో కోత పెట్టినా సరే, ఇంటినుంచే చేస్తానని మెయిల్ పెట్టింది. ‘ఆడోళ్లకు ఇల్లంటే పానం’ అని అన్న చాయ్ హోటల్లో తీర్పిచ్చాడు.

పానం కాదన్నా, లెక్క. అమెరికాలో కాల్ సెంటర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లను ఆర్థికవేత్తలు పరీక్షించి 2017లో అచ్చువేశారు. ఇంటినుంచి చేసే వీలుంటే సగటున 8 శాతం జీతం వదులుకుంటామన్నారు. ఆడవాళ్లు, అందులోనూ చంటిపిల్లల తల్లులు, ఇంకా ఎక్కువకు సిద్ధపడ్డారు. అక్కడైనా ఇక్కడైనా వాళ్లు కొనుక్కునేది సుఖం కాదు, ఉద్యోగం పోకుండా ఉండటం. పిల్లాడిని బడినుంచి తెచ్చేదెవరు, అత్తకు మందులిచ్చేదెవరు అన్న ప్రశ్న అన్నను ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనకు ఆఫీసు అంత దగ్గరగా కనిపించింది.

2017లో సవరించిన ప్రసూతి చట్టం 26 వారాల సెలవిచ్చి, ఆ తర్వాత పనిని బట్టి ఇంటినుంచి చేసుకునే వీలూ చెప్పింది. యజమానితో ఒప్పందం కుదిరితే చాలంది. మొగుడితో ఒప్పందం ఊసెత్తలేదు. అది మీరే కుదుర్చుకోవాలి. కాబట్టి అన్నా, ఆ తలుపున్న గది వారానికి మూడు రోజులు ఖాళీయే కదా, వదిన ల్యాప్‌టాప్ అందులో పెట్టించు. పోయేముందు అరుగు మీద అమ్మకు కూడా ఒక మాట చెప్పి పో.