రెండు పంచాంగాల గెడ్డం

షేవర్ల ప్రకటనల్లో కనిపించే మగాడికి వారాలుండవు. రోజూ తెల్లారి లేస్తాడు, అద్దం ముందు నిలబడి మిషను చెంప మీద అటోసారి ఇటోసారి తిప్పుతాడు, వెనకనుంచి ఒకావిడ వచ్చి ఆ చెంప నిమురుతుంది. అతగాడికి తల్లి లేదని నా గట్టి అనుమానం. ఉంటే, మంగళవారం నాడు వెనకనుంచి వచ్చేది ఆవిడే. చెంప నిమరడానికి మాత్రం కాదు.

మాది బరంపురం. గంజాం జిల్లా 1936 మార్చి ఆఖరు దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేసరికి మా తాతలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయారు. పర్లాకిమిడి అటు పోయిందని గిడుగు రామమూర్తి పంతులుగారు ఏకంగా ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మావాళ్లకి అంత పట్టుదల లేదు, పట్టు వ్యాపారం ఉంది. ఉండిపోయారు. ఉండిపోయినందుకు మాకు రెండు పంచాంగాలు దక్కాయి. ఆ రెండిటి మధ్యా నిషేధాల కూడికే తప్ప తీసివేత లేదు.

గెడ్డం గీసుకోకూడని రోజుల్లో మంగళ, శుక్ర, శనివారాలు మా అమ్మవి. తెలుగిళ్లలో తరతరాలుగా ఉన్న లెక్కే. గురువారం మా ఆవిడది. ఆవిడ ఆస్కాలో, చుట్టూ ఒడియావాళ్లున్న వీధిలో పెరిగింది. గురువారం అక్కడ లక్ష్మీదేవిది. మార్గశిరంలో అయితే ‘మాణబసా గురుబార’ అని గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు దిద్ది, కుంచం నిండా వడ్లు పోసి పూజ చేస్తారు. ఆ తెల్లటి పాదాల మీద నా నల్లటి గెడ్డం రాలితే ఏమవుతుందో నేను పరీక్షించి చూడలేదు. సోమవారం శివుడిది, దాన్ని ఇద్దరూ కలిసి ఖాయం చేశారు. ఇక మిగిలినవి బుధవారం, ఆదివారం. ఆ రెండిట్లో ఏ అమావాస్యో, ఏకాదశో, పిల్లల జన్మనక్షత్రమో వచ్చిపడితే వారానికి ఒక్క రోజే.

సెలూన్‌కి వెళ్లి దొంగచాటుగా పని కానిచ్చుకుందామంటే అక్కడా కుదరదు. ఓ గురువారం గేట్ బజారులో కుర్చీ ఎక్కి కూర్చుంటే, పేపరు చదువుకుంటున్న సెలూనాయన తలెత్తి, “ఆజి గురుబార పొరా!” అన్నాడు. ‘ఇవాళ గురువారం కదయ్యా’ అని. ఆ గొంతులో నా మీద జాలి, నా భవిష్యత్తు మీద భయం రెండూ ఉన్నాయి. ఆదివారం వెళ్తే ఊళ్లో గెడ్డాలన్నీ అక్కడే ఉంటాయి. రైల్లో రిజర్వేషన్ లేని పెట్టెలా ఒకరి మోకాళ్ల మీద ఒకరం కూర్చోవాలి.

బుధవారం ఇంట్లో బ్లేడుతో గీసుకుంటే ఇంకో తంటా. నాది రింగుల గెడ్డం. మరీ నున్నగా గీస్తే వెంట్రుక చర్మం లోపలే తెగి, మళ్లీ పెరిగేటప్పుడు వంకర తిరిగి చర్మంలోకే పొడుచుకుంటుంది. మెడ మీద ఎర్రగా పొక్కులొస్తాయి. డాక్టరుగారు చూసి, అంత నున్నదనానికి ఆశపడకుండా కరెంటు షేవరు వాడి చూడమన్నారు. మిషను వెంట్రుకను బ్లేడంత లోతుగా కొయ్యదు. మొహానికి సుఖం కావాలంటే నునుపు కాస్త వదులుకోవాలన్నమాట.

అక్కడే నా బుర్రలో ఒక లాయరు లేచాడు. రేకు రకం షేవర్లో కాగితం కంటే పల్చటి లోహపు రేకు ఉంటుంది, దానికి సన్నటి చిల్లులు. వెంట్రుక చిల్లులోంచి లోపలికి దూరితే, లోపల అటూ ఇటూ కదిలే బ్లేడు దాన్ని తుంచేస్తుంది. ఆ బ్లేడు ఒంటికి తగలదు. కత్తి ఒంటికి తగలనప్పుడు అది క్షవరం ఎలా అవుతుంది? మా అమ్మ ముందు వాదన వినిపించాను.

“మధ్యన జల్లెడుందమ్మా. కత్తి నన్ను ముట్టుకోదు.”

“వెంటుక రాల్తాదా, రాలదా?”

“రాల్తుంది గానీ, పొడిలాగ…”

“పొడయితే మరీ సెడ్డ. తుడిసినా పోదు.”

అప్పీలుకి పురోహితులుగారి దగ్గరకి వెళ్లాను. క్షౌరానికీ ఆయుష్షుకీ లంకె పెట్టే శ్లోకం ఒకటుందని ఆయన లెక్క చెప్పారు. ఆదివారం గీసుకుంటే ఒక నెల తగ్గుతుంది, శనివారం ఏడు నెలలు, మంగళవారం ఎనిమిది. బుధవారం అయితే అయిదు నెలలు పెరుగుతుంది, సోమవారం ఏడు. గురువారం పది, శుక్రవారం పదకొండు! నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో గట్టిగా మూసేసిన రెండు తలుపుల వెనకే ఇంత ఆయుష్షు దాచారన్నమాట.

పరుగున వచ్చి చెప్పాను. మా అమ్మ చిక్కుళ్లు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే, “ఆ శ్లోకం రాసినాయనకి ఆయుస్సు కావాలేమో. నాకింట్లో లక్ష్మి కావాలి” అంది. మా ఆవిడ మాత్రం కాగితం తీసి లెక్క వేసింది. బుధవారం అయిదు కలిసి, ఆదివారం ఒకటి పోయినా వారానికి నికరం నాలుగు నెలలు. ఏడాదికి 208 నెలలు, అంటే పదిహేడేళ్ల నాలుగు నెలలు. “ఉన్నది చాల్లెండి, అత్యాశకి పోకండి” అంది. ఈ సంగతి పెన్షనిచ్చేవాళ్ల చెవిన పడకూడదు.

నా చేతిలో ఆఖరి సాక్షి అమెరికావాడు. కరెంటు షేవరుని మొదట బజారులో నిలబెట్టిన జేకబ్ షిక్. సైన్యంలో పనిచేసిన మనిషి. 1931లో అమ్మకానికి పెట్టాడు. సరైన పద్ధతిలో రోజూ గీసుకుంటే మగాడు 120 ఏళ్లు బతకొచ్చని ఆయన గట్టి నమ్మకం. మన శ్లోకకారుడికి అక్కడొక శిష్యుడన్నమాట. ఇదంతా ఉత్సాహంగా చెప్పాను.

“ఎన్నేళ్లు బతికాడు?” అంది అమ్మ.

యాభైతొమ్మిది.

“ఏ వారం పోయాడు?”

చూశాను. 1937 జూలై 3. శనివారం. అమ్మ మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నా వైపు చూసింది. కేసు కొట్టేశారు.

సరే, రెండే రోజులు. అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. గెడ్డం రోజుకి మిల్లీమీటరులో సుమారు మూడో వంతు పెరుగుతుంది. బుధవారం గీస్తే ఆదివారానికి మిల్లీమీటరు దాటిపోతుంది. మధ్యలో అమావాస్య అడ్డొస్తే రెండు దాటుతుంది. అంత పెరిగిన వెంట్రుక నిలబడదు, చర్మం మీద పడుకుంటుంది. మెడ దగ్గర అయితే సుడి తిరిగి పడుకుంటుంది. పడుకున్న వెంట్రుక రేకు చిల్లుల్లోకి దూరదు. రేకు రకం రోజూ గీసుకునేవాడికి భేషైనది. నాలాంటివాడి గెడ్డం మీద అది ఊరికే గుర్రుమంటూ షికారు చేస్తుంది.

చక్రాల రకం వేరు. ఫిలిప్స్ కంపెనీలో అలెగ్జాండర్ హోరోవిట్జ్ అనే ఇంజనీరు తయారుచేస్తే 1939లో వచ్చింది. మొదట్లో ఒకటే చక్రం, ఇప్పుడు మూడు. అంచుల్లో పొడవాటి గాడులుంటాయి కనక కాస్త పెరిగిన వెంట్రుకనీ, దిక్కు తప్పిన వెంట్రుకనీ కూడా లోపలికి లాక్కోగలదు. గిరి రోడ్డులో ఒక షాపాయన ధర ఒడియాలో, గొప్పలు తెలుగులో, వారంటీ హిందీలో చెప్పాడు. అన్ని భాషలూ వచ్చిన నాకు ఆ వారంటీ ఒక్కటే అర్థం కాలేదు. నేనడిగిందల్లా, దీనికి ట్రిమ్మరుందా, చక్రాల తలలు విడిగా దొరుకుతాయా అని. ముందు ట్రిమ్మరుతో గెడ్డాన్ని పొట్టి చేసి, తర్వాత చక్రాలు తిప్పాలి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. నలభై ఒక్క రోజుల తర్వాత ఆ గెడ్డం ముందు ఏ షేవరైనా స్వామి శరణం అనాల్సిందే. తలలు కూడా ఏడాదికో రెండేళ్లకో అరిగిపోతాయి. అప్పుడవి దొరక్కపోతే మిషను అలమార్లో బొమ్మ.

ఇక మా గాలి. సముద్రం పక్కనే, గోపాల్‌పూర్ ఎంతో దూరం లేదు. స్నానం చేసి తుడుచుకునేలోపు మళ్లీ చెమట. తడి చర్మం మీద పొడి షేవరు జారదు, పట్టుకుంటుంది, మంట పుడుతుంది. అందుకని నేను స్నానానికి ముందే ఫ్యాను కింద కూర్చుని, మొహానికి కాస్త పౌడరు రాసి మొదలుపెడతాను. పౌడరు చెమట పీల్చి వెంట్రుకని నిలబెడుతుంది. నొక్కకూడదు. రెండో చేత్తో చర్మం లాగి పట్టుకుని, వెంట్రుక పెరిగిన దిక్కుకి ఎదురుగా చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. కొత్తలో మంటగానే ఉంటుంది, చర్మం అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మా లెక్కలో రెండు మూడు వారాలంటే నాలుగైదు గెడ్డాలే కాబట్టి కాస్త ఎక్కువ ఓపిక పట్టాలి. మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతున్న రోజుల్లో ఆ మొహంతో, పౌడరు తుడుచుకోకుండా వీధి గుమ్మంలో నిలబడితే, మొక్కు వేషం అనుకుని ఒక ముసలాయన నా చేతిలో రెండు రూపాయలు పెట్టి దణ్ణం పెట్టాడు. తిరిగివ్వడం అపచారమని ఉంచుకున్నాను.

పాత రేజరు మాత్రం పారెయ్యలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్ల గాలి, పైగా దసరా రోజులు. గాలి ముదిరేలోపే కరెంటు పోయింది, ఆ తర్వాత రోజుల తరబడి రాలేదు. ఊరంతా ఋషులే. మా పక్కింటాయన ముందుచూపున్న మనిషి, మళ్లీ కుదురుతుందో లేదోనని ఆ మధ్యాహ్నమే షేవరు తీశాడు. కుడి చెంప పూర్తయ్యేసరికి చార్జింగు అయిపోయింది. సగం మొహంతోనే పండగ చేసుకున్నాడు. ఆ రోజు శనివారం. తుఫాను అండమాను దగ్గర పుట్టిందని టీవీలో ఎన్ని మ్యాపులు చూపించినా, అది ఎందుకొచ్చిందో మా అమ్మకి వేరే ఆధారాలున్నాయి.

మొన్న శ్రీకాకుళం నుంచి మా బావగారు ఫోన్ చేశారు. కరెంటు షేవరు కొనాలట, ఏది మంచిదో చెప్పమన్నారు.

“ముందు ఇది చెప్పండి బావగారూ. మీరు ఏయే వారాల్లో గీసుకుంటారు?”

అవతల కాసేపు గొణుగుడు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి లోపలికి కేకేసినట్టున్నారు.

“మీ అప్ప పెరట్లో ఉంది బావూ. అడిగి సెప్తాను.”