పంపినా సంతోషమే, పంపకపోయినా సంతోషమేనట!

"మాకు కట్నాలూ కానుకలూ ఏమీ వద్దండీ. మీ పిల్లకి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అని మగపెళ్లివారు సెలవిచ్చాక, ఆ రాత్రి ఆడపిల్ల తండ్రి హాయిగా నిద్రపోయిన దాఖలా మన దగ్గర లేదు. ఇంత కావాలి అంటే బేరమాడొచ్చు. ఏమీ వద్దన్నవాళ్లతో ఏం బేరమాడతాం? అమెరికాలో పేరుమోసిన కాలేజీలు ఈ మర్యాద ఎవరి దగ్గర నేర్చుకున్నాయో గానీ, కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్ష మార్కుల దగ్గరికొచ్చేసరికి అచ్చం ఇలాగే మాట్లాడుతున్నాయి. పంపితే చూస్తాం, పంపకపోయినా మీకేం లోటు రానివ్వం అంటున్నాయి.

ఈ మాట మొదట అన్నది మెయిన్ రాష్ట్రంలోని బోడిన్ అనే చిన్న కాలేజీ, 1969లో. పెద్దవాళ్లు చాలాకాలం దాని వంక చూడలేదు. 2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడ్డాక అందరికీ ఒక్కసారిగా పెద్దమనసు పుట్టుకొచ్చింది. మార్కులు అడగబోమని చెప్పగానే ఎవరికి వాళ్లు 'ఏమో, గుర్రం ఎగరావచ్చు' అనుకుని దరఖాస్తు పడేశారు. అంతకుముందు ఏడు 40 వేల చిల్లర దరఖాస్తులొచ్చిన హార్వర్డ్‌కి ఆ దెబ్బతో 57 వేలు దాటాయి. సీట్లేమో పెరగలేదు. ఎక్కువమందిని కాదంటే ఎక్కువ పరువున్నట్టు లెక్క కాబట్టి, ఆ పెద్దమనసు ఖర్చు లేని పుణ్యమైంది.

తర్వాత మనసులు మారాయి. లెక్కల్లో పిల్లల సత్తా తెలియడం లేదంటూ ఎంఐటీ 2022లోనే పరీక్ష నిబంధన మళ్లీ పెట్టింది. 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ వరసకట్టాయి. యేల్ మాత్రం శాట్, ఏసీటీ, ఏపీ, ఐబీ పరీక్షల్లో ఏదో ఒకదాని మార్కు తెమ్మంది. ప్రిన్స్‌టన్ 2025 అక్టోబరులో, ఇప్పుడే కాదు రెండేళ్లాగి అంది. కొలంబియా ఎప్పటికీ మీ ఇష్టమే అని 2023లో ప్రకటించింది. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు పంపినా కళ్లు మూసుకుంటామన్నాయి. అంటే ఒకే పిల్ల, ఒకే మార్కు. ఒక గుమ్మంలో అది తప్పనిసరి, పక్క గుమ్మంలో ఐచ్ఛికం, ఆ పక్క గుమ్మంలో అంటరానిది. న్యూజెర్సీ ఎడిసన్‌లో మనవాళ్ల ఇంట్లో ఎక్సెల్ షీటుకి రంగులు వేసుకుంటున్నారంటే వేసుకోరూ మరి!

అలాంటి ఓ ఇల్లు చూద్దాం. పిల్లకి 1600కి 1460 వచ్చింది. దేశం మొత్తమ్మీద రాసినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఆమె వెనకే ఉన్నారు. ఇంట్లో మాత్రం విషాద ఛాయలు. ఎందుకంటే కోరుకున్న కాలేజీ వెబ్‌సైట్‌లో, చేరినవాళ్లలో నడిమి సగం మంది మార్కులు 1510 నుంచి 1560 అని ఉంది. విజయవాడ నుంచి పెదనాన్నగారు వాట్సాప్ వీడియోలోకి వచ్చారు.

"ర్యాంకెంత వచ్చిందిరా?"

"ఇక్కడ ర్యాంకులుండవన్నయ్యా. మార్కు వచ్చింది. అది చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాం."

"వచ్చిన మార్కు చెప్పకపోవడమేంట్రా? మా ఎంసెట్ నంబర్లు ఊరందరికీ తెలిసేలా పేపర్లో వేసేవాడు!"

"చెప్పకపోతే బాగా వచ్చిందో లేదో వాళ్లకి తెలీదు పెదనాన్నా" అంది పిల్ల.

"తెలీకపోతే ఏమనుకుంటార్రా?"

ఇందుకు జవాబు చెప్పేవాడే అక్కడ కౌన్సెలర్. గంటకింతని పుచ్చుకుంటాడు. "డిపెండ్స్" అని మొదలుపెట్టి, "మీ ఇష్టం" అని ముగిస్తాడు.

ఆ 1510 ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. తక్కువ వచ్చినవాళ్లు పంపరు. పంపినవాళ్ల మార్కులే వెబ్‌సైట్‌కెక్కుతాయి. అది చూసి మరుసటేడు ఇంకాస్త తక్కువవాళ్లు దాచుకుంటారు. దాంతో అంకె మళ్లీ పైకి పాకుతుంది. పిల్లల తెలివి ఏడాదికింత అని పెరిగిపోయిందని మనం మురిసిపోవాలి.

ఈ ఆటలో నిజంగా మునిగిపోయేది ఎడిసన్ పిల్ల కాదు. వాళ్ల నాన్న కౌన్సెలర్‌కిచ్చే డబ్బుకి వెనకాడడు. ఆగస్టులో మళ్లీ రాయిస్తాడు, అక్టోబరులో ఇంకోసారి రాయిస్తాడు. డార్ట్‌మత్ తన ప్రొఫెసర్ల చేతే లెక్క తీయించుకుంటే అసలు సంగతి బయటపడింది. డబ్బులేని ఇళ్ల పిల్లలు 1400 దగ్గర మార్కులు తెచ్చుకుని, ఇవేం సరిపోతాయిలే అని దాచేసుకున్నారు. పంపి ఉంటే వాళ్లకి సీటొచ్చే అవకాశం పెరిగేది. ఎందుకంటే అక్కడ మార్కుని పిల్ల చదివిన బడితో పోల్చి చూస్తారు. ఆ రహస్యం పేదపిల్లకి చెప్పే కౌన్సెలర్ లేడు. పేదవాళ్ల మేలు కోసమే పరీక్ష సడలించామన్న కాలేజీలే వాళ్ల మంచి మార్కుల్ని వాళ్ల చేతే దాపించాయి.

పరీక్షలు పెట్టేవాళ్లూ ఈ మర్యాద అలవాటు చేసుకున్నారు. ఏసీటీ 2025 నుంచి సైన్సు పేపరు మీ ఇష్టం అంది. రాయక్కర్లేని పరీక్షలో రాయక్కర్లేని పేపరన్నమాట! అది రాయాలా వద్దా అన్నదానికి కౌన్సెలర్ మరో గంట బిల్లు వేసే ఉంటాడు.

మార్కు కావాలంటే ఎంఐటీలా నోరు తెరిచి అడగండి. అక్కర్లేదంటే కాలిఫోర్నియాలా ఇచ్చినా చూడకండి. రెండింటికీ ఎవరి కారణాలు వాళ్లకున్నాయి, పిల్లకి మాత్రం ఏం చేయాలో తెలుస్తుంది. మధ్యలో నిలబడి 'మీ ఇష్టం' అనేవాళ్లు తాము తీసుకోవాల్సిన నిర్ణయాన్ని పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పెడుతున్నారు. ఈలోగా పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట: మీ పిల్ల మార్కు ఆమె బడిలో మిగతావాళ్లకంటే మెరుగ్గా ఉంటే, వెబ్‌సైట్‌లో అంకె చూసి బెదరకుండా పంపేయండి.